తాత పేరు మీదున్న ఎకరం ఎందుకంత చవక?

పొన్నూరు, నిడుబ్రోలు, చేబ్రోలు వైపు భూమి కొందామని వెళ్లినవాళ్ల చెవిన ఈమధ్య ఒక మాట తరచుగా పడుతోంది. "పెద్దాయన పోయి ఆర్నెల్లయింది. కొడుకుల్లో ఒకడు హైదరాబాదు, ఇంకొకడు డల్లాస్. సేద్యం చూసేవాడు లేడు. నాలుగు రాళ్లు తక్కువైనా ఇచ్చేస్తారు." చెప్పేది మధ్యవర్తి. వినేది మిర్చికి మంచి ధర పలికిన ఏడు చేతిలో డబ్బాడిన మెట్ట రైతు కావచ్చు, రిటైర్మెంటు సొమ్ముకి బ్యాంకు వడ్డీ చాలదనుకుంటున్న మాస్టారు కావచ్చు, బెంగళూరు కంపెనీలో పనిచేస్తూ ఊళ్లో ఒక ఎకరం ఉండాలనుకునే కుర్రాడు కావచ్చు. గుంటూరు పొన్నూరుకు సుమారు 30 కిలోమీటర్లు. 2025 మే 2న ప్రధాని చేతుల మీదుగా అమరావతి పనులు మళ్లీ మొదలయ్యాక ఆశలు ఇటువైపూ పాకాయి. మార్కెట్టు మీద తక్కువకు వచ్చే ఎకరం ఎవరికి చేదు?

ఆ తగ్గింపు ఎక్కడి నుంచి వచ్చిందని మాత్రం చాలామంది అడగరు. అమ్మేవాడి తొందరే కారణమని మధ్యవర్తి చెబుతాడు, కొనేవాడు నమ్ముతాడు. చాలా బేరాల్లో అది తొందర వల్ల వచ్చిన తగ్గింపు కాదు. దస్తావేజు మీద పడవలసి ఉండీ పడని ఒకటో రెండో సంతకాల ఖరీదు. ఆ సంతకాలు ఎక్కువగా ఆడపిల్లలవి.

చనిపోయినవారి ఆస్తి కొనడం అమెరికాలో ఒక ప్రత్యేకమైన పెట్టుబడి. అక్కడ మనిషి పోయాక వీలునామాను కోర్టు ముందు పెట్టి రుజువు చేయించాలి. దాన్నే ప్రొబేట్ అంటారు. వీలునామా లేకపోతే కోర్టే ఒక నిర్వాహకుణ్ణి వేస్తుంది. వారసులందరికీ నోటీసులు వెళతాయి, అప్పులవాళ్లకు గడువు ఇస్తారు, అవసరమైతే ఇల్లు అమ్మి డబ్బు పంచుతారు. కాలిఫోర్నియాలో కోర్టు ధ్రువీకరించాల్సిన అమ్మకమైతే మొదట కుదిరిన ధర, ఆస్తికి కట్టిన విలువలో 90 శాతానికి తగ్గకూడదు. ఆ తర్వాత కూడా కోర్టు హాల్లో ఎవరైనా పాట పెంచవచ్చు. మొదటి 10 వేల డాలర్ల మీద కనీసం 10 శాతం, మిగతా మొత్తం మీద కనీసం 5 శాతం పెంచాలి. అంటే 5 లక్షల డాలర్ల ఇంటికి తొలి పైపాట 5,25,500 డాలర్లు. పాట ముగిసి జడ్జి సంతకం పడ్డాక, ఆ మనిషికి ఇంకో కూతురుందని ఎవరో వచ్చి తలుపు కొట్టే భయం కొన్నవాడికి చాలావరకు తీరిపోతుంది. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లు ఈ పద్ధతి చూసి, సొంత ఊళ్లో వారసుల భూమి కొనడం కూడా అలాంటిదే అనుకుంటే పప్పులో కాలేసినట్టే. అక్కడ కోర్టు చేసే పనిని ఇక్కడ ఎవరూ చేయడం లేదు.

ప్రొబేట్ మన చట్టంలో లేదని కాదు. 1925 నాటి భారత వారసత్వ చట్టంలో ఉంది. అయితే హిందువులకు దాన్ని తప్పనిసరి చేసింది పాత బెంగాల్ ప్రాంతంలో, మద్రాసు, బొంబాయి నగరాల హైకోర్టుల పరిధిలో మాత్రమే. పొన్నూరు 1953 దాకా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నా ఆ నగరపు గీత బయటే ఉండిపోయింది. అందుకే మద్రాసులో ఇల్లు కట్టుకున్న గుంటూరు జిల్లా మనిషి వీలునామా హైకోర్టు మెట్లెక్కేది. అదే మనిషి పొన్నూరు పొలానికి రాసిన వీలునామా పెట్టెలోంచి నేరుగా మండల రెవెన్యూ ఆఫీసుకు వెళ్లేది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ నిబంధన పెట్టిన 213వ సెక్షన్‌నే తీసేసింది. ఇక చెన్నైలోనూ అది తప్పనిసరి కాదు. కావాలనుకున్నవాళ్లు జిల్లా కోర్టులో ప్రొబేట్ తెచ్చుకునే దారి మాత్రం ఉంది.

తప్పనిసరి నిబంధన తీసేయడం కక్షిదారులకు ఖర్చు తగ్గిస్తుందని పొగిడినవాళ్లున్నారు. ఆ మాటలో నిజముంది. కానీ కొనుగోలుదారు వైపు నుంచి చూస్తే సంగతి వేరు. ఏ కోర్టూ పరీక్షించని వీలునామాకు మొదటి పరీక్ష, దాన్ని నమ్మి డబ్బు కట్టినవాడి మీదే జరుగుతుంది.

వీలునామా చెల్లాలంటే కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలుండాలి. గొడవ కోర్టుకెక్కితే ఆ ఇద్దరిలో కనీసం ఒకరు, బతికి ఉంటే, బోనెక్కి చెప్పాలి. పాత సాక్ష్య చట్టంలో 68వ సెక్షన్ ఈ మాట చెప్పేది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 67వ సెక్షన్ చెబుతోంది. కాశీలో ఇచ్చిన మాటకు దేవుడే నడిచొచ్చి సాక్ష్యం చెప్పాడని స్థలపురాణం చెప్పే సాక్షి భావనారాయణస్వామి కొలువైన ఊరు పొన్నూరు. ఆ ఊళ్లో సాక్షి విలువ ఎవరికీ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. అయినా పాత వీలునామాల మీద సాక్షులుగా కనిపించేది తరచుగా దస్తావేజు రాసినాయన, ఆ రోజు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో ఉన్న మరొకాయన. పదిహేనేళ్లు గడిచాక వాళ్లెక్కడ ఉన్నారో కొన్నవాడే వెతుక్కోవాలి.

"రిజిస్టర్డ్ వీలునామా అండీ, ఇక తిరుగులేదు" అనే మాట మరో భ్రమ. వీలునామా రిజిస్టర్ చేయించడం ఇష్టాన్ని బట్టి చేసే పని. చేయించినంత మాత్రాన అది నిజమైనదని తేలిపోదు. రాసిన మనిషి మంచాన పడ్డాక పుట్టిన వీలునామా, లాభం పొందేవాడే దగ్గరుండి రాయించిన వీలునామా, సొంత పిల్లల్లో కొందరికి కారణం చెప్పకుండా చెయ్యిచ్చిన వీలునామా, ఇలాంటి అనుమానాలన్నీ తీర్చవలసిన భారం దాన్ని చూపించేవాడిదేనని సుప్రీంకోర్టు 1950ల చివర్లోనే వెంకటాచల అయ్యంగార్ కేసులో తేల్చింది. నేటికీ వీలునామా వ్యాజ్యాల్లో న్యాయవాదులు ముందుగా ఎత్తే తీర్పు అదే. ఆస్తి మొత్తం చిన్న కొడుక్కే రాసినట్టున్న కాగితం కొనుగోలుదారు చేతికి వస్తే, పెద్ద కొడుకునూ కూతుళ్లనూ కలిసి మాట్లాడకుండా బయానా ఇవ్వడం తెలివైన పని కాదు.

వీలునామా లేని చావులే మన దగ్గర ఎక్కువ. అప్పుడు 1956 హిందూ వారసత్వ చట్టం రంగంలోకి వస్తుంది. స్వార్జిత ఆస్తి ఉన్న మగమనిషి పోతే భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి సమాన వాటాదారులు. కూతురికి ఈ హక్కు ఆ చట్టం వచ్చిన 1956 జూన్ 17 నుంచీ ఉంది. తల్లి బతికి ఉంటే ఆమెకూ ఒక వాటా ఉంటుందన్న సంగతి మధ్యవర్తులకే కాదు, చాలా కుటుంబాలకే గుర్తుండదు. కొడుకు పోయిన దుఃఖంలో ఉన్న ముసలమ్మను వాటా అడగమని ఎవరు చెబుతారు? ఆమె తర్వాత పోతే ఆ వాటా ఆమె పిల్లలకు, అంటే చనిపోయిన ఆయన అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ కూడా చీలిపోతుంది. నలుగురి సంతకాలతో పోయేది పదిమందికి చేరుతుంది.

పిత్రార్జితం మాట వచ్చేసరికి ఆంధ్రప్రదేశ్ దేశానికంటే ముందు నడిచింది. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్లి కాని కూతుళ్లు కొడుకులతో సమానంగా ఉమ్మడి ఆస్తిలో హక్కుదారులయ్యారు. ఇరవై ఏళ్ల తర్వాత, 2005 సెప్టెంబరు 9 నుంచి, కేంద్ర చట్టం పెళ్లైన వాళ్లనూ కలుపుకొని దేశమంతటా అదే హక్కు ఇచ్చింది. తండ్రి ఆ తేదీకి బతికి ఉండాలా అనే పేచీని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తీర్చేసింది. కూతురి హక్కు పుట్టుకతో వచ్చేదే, తండ్రి బతికున్నాడా లేదా అన్నదానితో దానికి పని లేదు. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టర్డ్ దస్తావేజు ద్వారానో కోర్టు డిక్రీ ద్వారానో జరిగిన పంపకాల జోలికి మాత్రం చట్టం వెళ్లదు. "అప్పట్లో పెద్దమనుషుల ముందు నోటిమాటగా పంచుకున్నాం" అనే వాదనను, ప్రభుత్వ రికార్డుల్లో గట్టి ఆధారం ఉంటే తప్ప, తేలిగ్గా ఒప్పుకోవద్దని కూడా ఆ తీర్పు చెప్పింది. డెల్టా పల్లెల్లో పాత పంపకాలు సగం అలా నోటిమాట మీద, తెల్ల కాగితం మీద జరిగినవే.

ఊళ్లో వినిపించే సమాధానాలు వేరు. "అమ్మాయికి పసుపు కుంకుమ కింద ఎకరం ఇచ్చేశాం." "కట్నంలోనే పట్టుకెళ్లింది." "ఆడపడుచులు ఏమీ అనరు, మా ఇంటావంటా లేదు." పెళ్లిలో ఇచ్చింది వాటాలో చెల్లుబెట్టినట్టు కాదు. నిజంగానే ఆమె తన వాటా వదులుకుంటే హక్కు విడుదల దస్తావేజు రాసి రిజిస్టర్ చేయాలి. అది లేనప్పుడు ఆమె మౌనాన్ని సమ్మతిగా లెక్కేయడం కొనేవాడు సొంతంగా చేసుకునే జూదం. పైగా కాలం కూడా అతని పక్షాన ఉండదు. ఉమ్మడి హక్కుదారుల్లో ఒకడు భూమి దున్నుకుంటుంటే, అందరి తరఫునా దున్నుతున్నట్టే చట్టం చూస్తుంది. మిగతావాళ్ల హక్కును బాహాటంగా కాదన్న రోజు నుంచే 12 ఏళ్ల లెక్క మొదలవుతుంది. పాతికేళ్ల క్రితం పెళ్లై వెళ్లిన చెల్లెలు, పొలం మీద కొత్త కంచె చూసిన రోజున కోర్టుకు వెళ్లినా ఆమె దావా మురిగిపోయినట్టు కాదు.

రియల్ ఎస్టేట్ వర్గాల్లో ఈ కేసులన్నిటికీ ఒకే పేరు: లిటిగేషన్. "ఆడవాళ్లు లిటిగేషన్ పెడుతున్నారు" అని విసుక్కుంటారు. తనకు రావలసిన పావు వంతు అడిగిన మనిషి లిటిగేషన్ పెట్టినట్టు ఎలా అవుతుంది? ఆమెను అడగకుండా అమ్మినవాడూ, ఆమె ఉందని తెలిసీ కొన్నవాడూ పెట్టిన లిటిగేషన్ అది.

లెక్క వేసి చూస్తే ఆ బేరం ఎంత లాభమో తెలుస్తుంది. ఉదాహరణకు ఊళ్లో 40 లక్షలు పలికే భూమిని 32 లక్షలకు ఇస్తామన్నారనుకుందాం. వారసులు తల్లి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. కూతురి సంతకం లేదు. కొనేవాడు 8 లక్షలు మిగిలాయనుకుంటాడు. రాష్ట్రంలో స్టాంపు సుంకం 5 శాతం, బదిలీ సుంకం ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు ఒక శాతం, మొత్తం ఏడున్నర శాతం లెక్కన 2 లక్షల 40 వేలు ఖజానాకు కడతాడు. కూతురు దావా వేసి గెలిస్తే పోయేది నాలుగో వంతు, అంటే 10 లక్షల విలువైన నేల. తగ్గింపు 8, నష్టం 10. పోయిన వాటా మీద కట్టిన సుంకం, వకీలు ఫీజులు, కేసు నడిచినన్నాళ్లూ అమ్ముకోలేక బ్యాంకులో తాకట్టూ పెట్టుకోలేక బిగుసుకుపోయిన సొమ్ము దీనికి అదనం. దావా నడుస్తుండగా అతను మరొకరికి అమ్మినా ఆ కొన్నవాడు కూడా తీర్పుకు కట్టుబడవలసిందే.

మైనర్ల సంగతి ఇంకా సున్నితం. యాక్సిడెంటులో భర్త పోయి ఇద్దరు చిన్నపిల్లలతో మిగిలిన ఆమె అప్పులు తీర్చడానికి పొలం అమ్ముతుంది. ఊరంతా జాలిపడుతుంది, కొన్నవాడు ఆదుకున్నానని అనుకుంటాడు. కానీ తండ్రి నుంచి పిల్లలకు వచ్చిన వాటాను తల్లి కూడా కోర్టు అనుమతి లేకుండా అమ్మకూడదని 1956 నాటి మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం చెబుతోంది. అమ్మితే, ఆ పిల్లవాడు 18 నిండాక మూడేళ్లలోపు ఆ అమ్మకాన్ని రద్దు చేయమని అడగవచ్చు. జిల్లా కోర్టులో అనుమతి తెచ్చుకోవడానికి కొన్ని నెలలు పడుతుందని వదిలేసినవాడు, ఆ పిల్లవాడు ఇంజినీరింగ్ చదివి వచ్చేదాకా అభద్రతతో బతకాలి.

వితంతువు దగ్గర కొన్నవాళ్ల కష్టం ఎలా ఉంటుందో దేశమంతా చదువుకునే కేసు ఒకటి మన నెల్లూరు జిల్లాదే. న్యాయ కళాశాలల్లో తులసమ్మ వర్సెస్ శేషారెడ్డి అంటే తెలియని విద్యార్థి ఉండడు. తులసమ్మ భర్త 1931లో సవతి తమ్ముడితో ఉమ్మడిగా ఉండగానే పోయాడు. మనోవర్తి కోసం ఆమె 1944లో నెల్లూరు మునసబు కోర్టుకు వెళ్లింది. 1949లో రాజీ కుదిరింది. బతికినంత కాలం కొన్ని ఆస్తులు అనుభవించవచ్చు, అమ్మే హక్కు లేదు, ఆమె తర్వాత అవి మరిదికి పోవాలి. 1956లో కొత్త చట్టం వచ్చింది. ఆడమనిషి స్వాధీనంలో ఉన్న ఆస్తి ఆమె సొంతమేనని దాని 14వ సెక్షన్ అంది. ఆమె 1960లో కొంత లీజుకిచ్చి, 1961లో కొంత అమ్మింది. అదే ఏడు జులైలో మరిది దావా వేశాడు. కింది కోర్టు ఆయన పక్షం, జిల్లా కోర్టు ఆమె పక్షం, హైకోర్టు మళ్లీ ఆయన పక్షం పలికాయి. 1977 మార్చి 17న సుప్రీంకోర్టు ఆమెకు సంపూర్ణ హక్కు ఉందని తేల్చింది. మనోవర్తికి బదులుగా ఇచ్చిన ఆస్తి ఆమె పాత హక్కుకు గుర్తింపే తప్ప కొత్తగా వేసిన భిక్ష కాదంది.

స్త్రీల హక్కుల చరిత్రలో అది మైలురాయి. భూమి కొన్న మనిషి వైపు నుంచి చూస్తే అది 16 ఏళ్ల నిరీక్షణ. గెలిచాడు కాబట్టి సరిపోయింది. అలాంటి రాజీలూ వీలునామాలూ 14వ సెక్షన్‌లోని ఏ ఉపవిభాగం కిందకు వస్తాయన్న వాదన ఇప్పటికీ చల్లారలేదు. తీర్పుల్లో పొంతన కుదరడం లేదంటూ 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ధర్మాసనం ఈ అంశాన్ని విస్తృత ధర్మాసనానికి నివేదించింది. "జీవితకాలం అనుభవించవలెను" అనే ముక్క లింకు దస్తావేజుల్లో ఎక్కడ కనిపించినా కొనేవాడు అక్కడ ఆగాలి.

పిల్లలు లేకుండా పోయిన స్త్రీ విషయంలో మరో మెలిక ఉంది. పుట్టింటి నుంచి వారసత్వంగా ఆమెకు వచ్చిన పొలం ఆమె భర్తకు రాదు, తిరిగి ఆమె తండ్రి వారసులకు పోతుంది. భర్త దగ్గర కొన్నవాడికి మిగిలేది దస్తావేజు కాగితమే.

విదేశాల్లో ఉన్న వారసులు ఈ ప్రాంతపు బేరాలకు ప్రత్యేకమైన రంగు తెచ్చారు. ప్రవాస భారతీయుడు సాగుభూమి కొనలేడు, వారసత్వంగా మాత్రం పొందవచ్చు. అమ్మితే ఇక్కడ నివసించే భారతీయుడికే అమ్మాలి. కాబట్టి అతనికి తొందర నిజంగానే ఉంటుంది. సెలవు పెట్టి రావడానికి వీల్లేక జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (జీపీఏ) పంపుతాడు. అది కాన్సులేట్‌లోనో నోటరీ, అపోస్టిల్ ద్వారానో ధ్రువీకరించి ఉండాలి, ఇండియా చేరిన 3 నెలల్లో ఇక్కడి స్టాంపు సుంకం కట్టాలి. ఇచ్చిన మనిషి పోతే జీపీఏ కూడా పోతుంది. పెద్దాయన బతికుండగా బావమరిదికి ఇచ్చిన జీపీఏతో, ఆయన దినాలు అయ్యాక కూడా రిజిస్ట్రేషన్లు నడిపించే ఘనులున్నారు. వాటికి విలువ లేదు. జీపీఏ, అగ్రిమెంటు, వీలునామా మూడూ కలిపి చేతిలో పెట్టి "ఇదే అమ్మకం అనుకోండి" అనే పద్ధతితో యాజమాన్యం రాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఇక పన్ను. భూమి పన్ను చట్టం లెక్కలో గ్రామీణ సాగుభూమి కాకపోతే, అమ్మేవాడు ఇక్కడివాడైనప్పుడు బేరం 50 లక్షలు చేరితేనే కొనేవాడు ఒక శాతం కోసి కట్టాలి. ప్రవాసి అయితే ఆ మినహాయింపు లేదు, రేటు కూడా ఎక్కువ. కోయడం మరిస్తే ఆదాయపన్ను శాఖ వెతుక్కుంటూ వచ్చేది డల్లాస్‌కు కాదు, పొన్నూరుకు.

కాగితాల మీద అతినమ్మకం కూడా ఈ వ్యాపారానికి పెట్టుబడే. ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) శుభ్రంగా ఉంది కదా అంటారు. రిజిస్టర్ అయిన లావాదేవీలు మాత్రమే ఈసీలో కనిపిస్తాయి. రిజిస్టర్ కాని వీలునామా, నోటి పంపకం, అడగని చెల్లెలు అందులో ఉండరు. ఆన్‌లైన్‌లో అయితే 1983కి ముందు సంగతులూ ఉండవు, పాత పుస్తకాలు వెతికించాలి. పాస్‌పుస్తకం, వన్‌బీ, అడంగల్ రెవెన్యూ రికార్డులు. పేరు మారినంత మాత్రాన యాజమాన్యం మారదని కోర్టులు లెక్కలేనన్నిసార్లు చెప్పాయి. తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కుటుంబంలో ఎవరున్నారో చెబుతుంది, ఎవరికెంత భూమో చెప్పదు. కోర్టు ఇచ్చే సక్సెషన్ సర్టిఫికెట్ చూపించి భూమి అమ్మేవాళ్లూ ఉన్నారు. అది బ్యాంకు డిపాజిట్లు, షేర్లు, బాకీల వసూలు కోసం. నేలతో దానికి సంబంధం లేదు.

కాగితాలు సరే, పొలంలో ఎవరున్నారు? డెల్టాలో వరి వేసి, దాని వెనక మినుమో మొక్కజొన్నో వేసేది చాలాచోట్ల కౌలురైతు.  ఆంధ్ర ప్రాంతానికి 1956లో వచ్చిన కౌలుదారీ చట్టంలో, భూమి అమ్మదలచిన యజమాని ముందుగా దున్నుతున్న కౌలుదారుకు చెప్పాలనే నిబంధన ఉండేది. ఎంతమంది చెప్పేవారన్నది వేరే వ్యాసానికి సరిపడే విషయం.

కొందరు ఇంకా తెలివైన దారి పడతారు. మొత్తం కొనకుండా, విభేదించిన ఒక్క అన్నదమ్ముడి అవిభక్త వాటాను చవగ్గా కొని, తర్వాత మిగతావాళ్ల మీద పంపకం దావా వేస్తారు. కొన్ని పట్టణాల్లో ఇదొక వృత్తి. దీనికి చట్టం కొన్ని అడ్డుకట్టలు కట్టింది. కుటుంబం ఉంటున్న ఇంటిలో వాటా కొన్న బయటివాడు లోపలికి వచ్చి కూర్చోలేడు. అతను పంపకం కోరితే, 1893 నాటి పార్టిషన్ చట్టం ప్రకారం విలువ కట్టించి ఆ వాటాను కుటుంబ సభ్యులే కొనేసుకోవచ్చు. పైగా వారసుల్లో ఒకరు తన వాటా అమ్మదలిస్తే మిగతా వారసులకు ముందు హక్కు ఉంది. అది సాగుభూమికీ వర్తిస్తుందని 2019 మార్చిలో బాబూరామ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చవగ్గా వాటా కొని కుటుంబాన్ని చీల్చి లాభం చేసుకోవాలనుకునేవాళ్లకు ఈ మూడు నిబంధనలూ ఎంత గట్టిగా అమలైతే అంత మంచిది.

నిజమైన కోర్టు అమ్మకాలు మన దగ్గరా జరుగుతాయి, అవి వేరే రకం. పంచడానికి వీలుకాని ఆస్తిని కోర్టు వేలం వేయించవచ్చు. డిక్రీ అమలు వేలమైతే పాట ఖరారైన వెంటనే 25 శాతం కట్టాలి, మిగతాది 15 రోజుల్లో. గడువు దాటితే వేలం పోయినట్టే. ఆ అమ్మకాన్ని కోర్టు ధ్రువీకరించే లోపు బాకీదారు పూర్తి సొమ్ము, దానితోపాటు కొనుగోలుదారుకు పాట మొత్తం మీద 5 శాతం డిపాజిట్ చేసి వేలం రద్దు చేయించుకోవచ్చు. ఓపిక, చేతిలో నగదు ఉన్నవాళ్లకే అది సరిపడుతుంది.

పెద్ద మనుషుల ఆస్తులకు కూడా ఈ ఆలస్యం తప్పలేదు. 2016 డిసెంబరు 5న జయలలిత వీలునామా లేకుండా పోయారు. చెన్నై పోయెస్ గార్డెన్ ఇంటితోపాటు హైదరాబాదు శివార్లలోనూ ఆమెకు ఆస్తులున్నాయి. అన్న పిల్లలు దీప, దీపక్‌లకు వారసులుగా మద్రాసు హైకోర్టు గుర్తింపు వచ్చింది 2020 మేలో. ఈలోగా ఇల్లు స్మారకం చేస్తామని ప్రభుత్వం తీసుకుంది. దాన్ని కోర్టు 2021 నవంబరులో కొట్టేసింది. ముఖ్యమంత్రి ఇంటికే అయిదేళ్లు పట్టింది.

అలాగని వారసుల భూమి అసలే కొనకూడదని కాదు. ఈ ప్రాంతంలో చేతులు మారే భూమిలో పెద్ద భాగం ఎప్పుడో ఒకప్పుడు వారసులది కావలసిందే. అందులో న్యాయమైన లాభం కూడా ఉంది. ఆ లాభం పని చేసినవాడిది. చెల్లాచెదరైన కుటుంబాన్ని ఒక చోట కూర్చోబెట్టి, ముందు వాళ్ల మధ్య పంపకం దస్తావేజు రిజిస్టర్ చేయించి, సర్వే చేయించి, తల్లి వాటా, కూతుళ్ల వాటా ఎవరిది వారి ఖాతాలో విడివిడిగా వేసి, అందరి సంతకాలతో రాయించుకున్నవాడు 40 లక్షల భూమిని 36కి కొంటే దాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. ఆ 4 లక్షలు అతని కూలి. సంతకాలు ఎగ్గొట్టి 32కి కొన్నవాడు ఎగవేతలో భాగస్వామి.

ఇందులో ప్రభుత్వం చేతులు దులుపుకొని కూర్చోవడం సరికాదు. 2022 నాటి భూహక్కుల చట్టం వివాదాలను కోర్టుల నుంచి అధికారులకు మళ్లించబోయి జనాన్ని భయపెట్టింది. 2024 ఎన్నికల్లో పెద్ద సమస్యై, కొత్త ప్రభుత్వం రాగానే రద్దయింది. రద్దు చేయడం మంచిదే. కానీ పోయినవారి పేరు మీదున్న భూమి ఎవరిదని ఎవరూ అడగని పాత లోటు అలాగే ఉంది. అమెరికా ప్రొబేట్ కోర్టులు చేసే పనుల్లో ఒక్కదాన్ని అరువు తెచ్చుకుంటే చాలు: నోటీసు. పట్టాదారు చనిపోయాక జరిగే మొదటి అమ్మకాన్ని రిజిస్టర్ చేసే ముందు మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తప్పనిసరి చేయాలి. అందులో పేరున్న ప్రతి వారసురాలికీ, వారసుడికీ ఫోన్ సందేశమూ పోస్టులో నోటీసూ పంపాలి. 30 రోజులు ఆగాలి. అభ్యంతరం వస్తే కోర్టుకు పొమ్మనాలి, రాకపోతే రిజిస్టర్ చేయాలి. దీనికి కొత్త ట్రిబ్యునళ్లు అక్కర్లేదు, కొత్త సిబ్బంది అక్కర్లేదు. ఆధార్, ఫోన్ నంబర్లు అడగని సర్కారు కౌంటరు రాష్ట్రంలో ఎలాగూ లేదు.

ఆ నిబంధన వచ్చేదాకా నోటీసు ఇచ్చే పని కొనేవాడే చేసుకోవాలి. మధ్యవర్తి చూపించిన కొడుకుతో బేరం ముగించవద్దు. తల్లి ఎక్కడుందో, కూతుళ్లను ఏ ఊళ్లకిచ్చారో, మనవళ్లలో మైనర్లు ఎవరున్నారో అడిగి, వాళ్లను కలిసిన తర్వాతే బయానా చెక్కు రాయండి.